బ్యాటరీకీ కావాలి కళాయి!

వోల్టేజి పెంచితే తగ్గుతున్న ఆయుష్షు.. పైపూతే ఉపాయం

హోసూరు: విద్యుత్ స్కూటరు కొనబోయేవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. ‘ఒకసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం పోతుంది? బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది?’ ఏథర్, టీవీఎస్ విద్యుత్ స్కూటర్లు తయారవుతున్న హోసూరులో ఈ మాట మరీ ఎక్కువ. చిక్కేమిటంటే, దూరం పెంచబోతే ఆయుష్షు తగ్గుతుంది. దీనికి మూలం బ్యాటరీలోని ధన ధ్రువంలో, అంటే కాథోడ్‌లో ఉంది.

ఎత్తు పెరిగితే జోరు

నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కొళాయిలో అంత జోరు. బ్యాటరీకి ఆ ఎత్తే వోల్టేజి. చవకైన ఐరన్ ఫాస్ఫేట్ కాథోడ్ సుమారు 3.4 వోల్టులు ఇస్తుంది. నికెల్, మాంగనీసు కలిసిన స్పైనెల్ రకం 4.7 వోల్టుల దాకా ఇస్తుంది. ఖరీదైన కోబాల్టు అక్కర్లేదు. మరి విరివిగా ఎందుకు రాలేదు?

లోపల పులుసు

రెండు ధ్రువాల మధ్య ఉండే ఎలక్ట్రొలైట్ ద్రవం సుమారు 4.3 వోల్టులు దాటితే తట్టుకోలేదు, విచ్ఛిన్నమవుతుంది. అందులోని లిథియం లవణానికి రవ్వంత తేమ తగిలినా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది కాథోడ్‌లోని మాంగనీసును కరిగిస్తుంది. కరిగిన మాంగనీసు అవతలి ధ్రువానికి చేరి అక్కడి రక్షణ పొరనూ చెడగొడుతుంది. వేడి పెరిగితే ఇదంతా ఇంకా వేగం.

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే ఏమవుతుందో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. విరుగుడూ అదే. కాథోడ్ రేణువులకు అల్యూమినా వంటి పూత పూస్తారు. మందం కొన్ని నానోమీటర్లే. ఎక్కువైతే లిథియం అయాన్ల రాకపోకలకు అడ్డం, తక్కువైతే కాపాడదు.

తమిళనాట పుట్టిన శాస్త్రవేత్త

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అరుముగం మంథిరాం బృందం మరో దారి చూపింది. తయారీలోనే ఇనుము, గాలియం వంటి లోహాలు కాసింత కలిపితే అవి వాటంతటవే పైపొరకు చేరి కాపు కాస్తాయి. మద్రాసు ఐఐటీలో పీహెచ్‌డీ చేసిన ఆయనే 2019లో గుడినఫ్ తరఫున నోబెల్ ప్రసంగం చేశారు.

పూత ఒక్కటే చాలదు, ఎలక్ట్రొలైట్ కూడా మారాలి. అందాకా వాడేవాళ్ల చేతిలో ఉన్న జాగ్రత్త ఒకటే. నిండా చార్జింగ్ చేసిన బండిని మండుటెండలో గంటల తరబడి వదిలేయకుండా ఉంటే బ్యాటరీ నాలుగు కాలాలు నిలుస్తుంది.