గాజు మీద పేరు చెక్కాలంటే.. ఏటి ఇసుక వద్దు, గార్నెట్ ముద్దు

తలుపు అద్దం మీద ‘మాషా అల్లాహ్’, షాపు గ్లాసు మీద పేరు, షాదీలో ఇచ్చే అద్దం మీద దూల్హా దుల్హన్ పేర్లు.. పొగమంచు పట్టినట్టు తెల్లగా కనిపించే ఈ పనిని ఇంట్లోనే చేసుకోవచ్చు. చేత్తో పట్టుకునే శాండ్‌బ్లాస్టింగ్ గన్, ఒక ఎయిర్ కంప్రెషర్ ఉంటే పని మొదలవుతుంది. హోటళ్లు, హోమ్‌స్టేలు ఉన్న అరకు, అనంతగిరి వైపు దీంతో నాలుగు డబ్బులు సంపాదించుకునే వీలూ ఉంది. అయితే ఒక్క విషయం ముందే తెలుసుకోవాలి. దీని పేరులో ‘శాండ్’ ఉన్నా, గన్‌లో ఇసుక మాత్రం పోయకూడదు.

ఇసుకతో ఏమవుతుంది?

ఏటి ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అంటే స్ఫటిక రూపంలో ఉన్న సిలికా. గాలి వేగానికి ఆ రేణువు గాజుకు తగిలి పగిలి పొడి అవుతుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. కనిపించని సన్నని దుమ్మే ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడ మచ్చలు కట్టిస్తుంది. ఈ జబ్బే సిలికోసిస్. ఒకసారి పడిన మచ్చను తీసేసే మందు లేదు. ఈ జబ్బు ఉన్నవారికి టీబీ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువ. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ దుమ్మును క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

టర్కీలో జీన్స్ ప్యాంట్లను పాతవాటిలా కనిపించేలా చేయడానికి చిన్న చిన్న వర్క్‌షాపుల్లో ఇసుక కొట్టేవారు. అక్కడ పనిచేసిన కుర్రాళ్లు సిలికోసిస్‌తో చనిపోవడంతో 2009లో ఆ ప్రభుత్వం ఆ పనిని నిషేధించింది. మన దేశంలో చట్టం ప్రకారం, కార్మికుడికి సిలికోసిస్ వస్తే అధికారులకు తెలియజేయాలి. కానీ ఇంట్లో చేసే పనిని ఏ ఇన్‌స్పెక్టరూ వచ్చి చూడడు. జాగ్రత్త మనమే పడాలి.

‘గాజు కూడా ఇసుకతోనే తయారవుతుంది కదా’ అని కొందరికి సందేహం రావచ్చు. నిజమే. అయితే కరిగించి గాజుగా మార్చినప్పుడు సిలికాకు స్ఫటిక రూపం పోతుంది. గాజు పొడి కూడా పీల్చకూడనిదే, కానీ అసలు భయం క్వార్ట్జ్ దుమ్ముతోనే.

గార్నెట్ మన కొండల రాయే

అరకు, అనంతగిరి కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. కోంద్ ఆదివాసుల పేరు మీద 1902లో దీనికి ఈ పేరు పెట్టారు. ఈ రాతిలో ఎర్రటి చుక్కల్లా మెరిసేవే గార్నెట్ రేణువులు. వేల ఏళ్లుగా రాయి అరిగి, ఆ రేణువులు గోస్తనీ లాంటి ఏళ్లలో కొట్టుకుపోయి భీమిలి తీరంలో చేరాయి. గార్నెట్ గాజు కంటే గట్టిది, ఇసుక కంటే బరువైనది. అంత తొందరగా పగిలి పొడి కాదు. జల్లించి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

అలాగని తీరం నుంచి ఇసుక ఎత్తుకొచ్చి గన్‌లో పోయకూడదు. అందులో క్వార్ట్జ్ కలిసి ఉంటుంది, రేడియోధార్మికత ఉన్న మోనజైట్ కూడా ఉంటుంది. పైగా అనుమతి లేకుండా తీయడం నేరం. శుద్ధి చేసి సంచుల్లో అమ్మే గార్నెట్‌నే కొనండి. సిలికా 1 శాతం లోపే అని సంచి మీద ఉందో లేదో చూడండి. గాజుకు 120 నుంచి 220 మెష్ సైజు బాగుంటుంది. గార్నెట్ దొరక్కపోతే అల్యూమినియం ఆక్సైడ్ అడగండి.

పని ఎలా చేయాలి?

ముందు గాజును శుభ్రంగా తుడవాలి. రేడియం షాపులో అక్షరాలు కట్ చేయించిన స్టిక్కర్‌ను గాలి బుడగలు లేకుండా అంటించి, మిగతా గాజంతా టేపుతో కప్పేయాలి. పంక్చర్ షాపులో ఉండేలాంటి ట్యాంకు కంప్రెషర్ కావాలి, బైక్ టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు చాలదు. గాలి 40 నుంచి 60 పాయింట్లు ఉంటే సరిపోతుంది. గన్‌ను ఆరేడు అంగుళాల దూరంలో, గాజుకు నిటారుగా పట్టుకుని ఆపకుండా కదుపుతూ ఉండాలి. ఏటవాలుగా కొడితే స్టిక్కర్ అంచులు లేచిపోతాయి. ముందు పనికిరాని ముక్క మీద కొట్టి చూడండి. టఫెన్డ్ గ్లాస్ జోలికి పోవద్దు, లోతుగా చెక్కితే మొత్తం పొడిపొడిగా పగిలిపోతుంది.

అరకు వానలకు, మంచుకు గాలిలో తేమ ఎక్కువ. ట్యాంకులో నీరు చేరి గార్నెట్ ముద్దకట్టి గన్ మూసుకుపోతుంది. ట్యాంకు నీటిని రోజూ వదిలేయాలి, పైపుకు వాటర్ ఫిల్టర్ పెట్టాలి.

అరబీ, ఉర్దూ అక్షరాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. గాజు వెనకవైపు చెక్కితే స్టిక్కర్‌ను తిరగేసి కట్ చేయించాలి. ఒక్క నుఖ్తా తేడాతో ‘ఖుదా’ ‘జుదా’ అవుతుందని మన పెద్దలు అంటారు కదా! కాబట్టి తెలిసినవారితో ముందే ఒకసారి చదివించండి. అల్లాహ్ పేరున్న ముక్క పగిలితే చెత్తలో వేయకుండా అదబ్‌తో పక్కన పెట్టండి.

దుమ్మును ఎలా ఆపాలి?

అన్నిటికన్నా మంచిది మూత ఉన్న పెట్టె. చేతులు దూర్చడానికి రెండు రంధ్రాలకు పొడవాటి గ్లౌజులు బిగించి, పైన పారదర్శకమైన షీటు పెట్టించుకుంటే దుమ్ము చాలావరకు లోపలే ఉండిపోతుంది. పని ఆపగానే మూత తీయకండి, దుమ్ము అణిగేదాకా ఆగండి. కళ్లకు గాగుల్స్, ముక్కుకు కనీసం ఎన్95 మాస్కు ఉండాలి. దస్తీ, దుపట్టా కట్టుకుంటే సన్నని దుమ్ము ఆగదు.

గడ్డం ఉన్న సోదరులు ఒక విషయం గమనించాలి. గడ్డం మీద మాస్కు గట్టిగా అతుక్కోదు, అంచుల నుంచి దుమ్ము లోపలికి పోతుంది. వారికి పెట్టె తప్పనిసరి.

వంటింట్లో, పిల్లలు పడుకునే గదిలో ఈ పని పెట్టుకోవద్దు. అయ్యాక చీపురు పట్టకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ బట్టలను విడిగా ఉతకండి, వాటితో పిల్లల్ని ఎత్తుకోవద్దు.

ఇప్పటికే ఇసుకతో పనిచేసినవారు ఉంటే, దగ్గు, ఆయాసం వచ్చినప్పుడు డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పి ఎక్స్‌రే తీయించుకోండి. చెప్పకపోతే టీబీ అనుకుని అక్కడితో ఆగిపోవచ్చు.

హలాల్ రోజీ కోసం చేసే కష్టంలో బర్కత్ ఉంటుంది. ప్రాణాన్ని కాపాడుకోవడమూ మన బాధ్యతే. సంచి కొనేటప్పుడు అది ఇసుకా, గార్నెట్టా అని ఒక్కసారి అడగండి.