ప్రతి అమ్మకమూ ఆఖరి ముక్కే

పలాస జీడిపప్పు డబ్బా మీద డబ్ల్యూ 320 అని కనిపిస్తుంది. పౌనుకు 300 నుంచి 320 పప్పులు తూగే పరిమాణమని దాని అర్థం. డబ్ల్యూ 180 అంటే అంతకంటే బాగా పెద్ద పప్పు. ఈ అంకె తెలిసిన మనిషి హైదరాబాద్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా సరుకు చేత్తో పట్టుకోకుండానే డబ్బు కట్టేస్తాడు. నిన్న కొన్న డబ్బాకీ రేపు కొనబోయే డబ్బాకీ అతని దృష్టిలో తేడా లేదు. పలాస ఉన్న శ్రీకాకుళం జిల్లాలోనే పొందూరు ఖద్దరు ఉంది. అక్కడ ఒక పంచెకీ ఇంకో పంచెకీ అచ్చంగా పోలిక కుదరదు. పక్క జిల్లా విజయనగరంలో బొబ్బిలి వీణ ఉంది. ఆర్డరు అందేనాటికి అది వీణ కూడా కాదు, పనస దుంగ. ఈ మూడింటినీ ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, అమ్మకాలు పెరిగేకొద్దీ ముగ్గురు వ్యాపారులూ అడిగే ప్రశ్న ఒకటే: ఏ ప్లాట్‌ఫారం మంచిది? ప్రశ్న ఒకటే అయినంత మాత్రాన జవాబు ఒకటి కాదు. దుకాణం సాఫ్ట్‌వేర్ అనేది, పైన ఎన్ని హంగులున్నా, లోపల ఒక పద్దుపుస్తకం. దాంట్లో గళ్లు ఎవరో ముందే గీసిపెట్టారు. గీసినవాళ్ల మనసులో ఏదో ఒక తరహా సరుకు ఉంది. మన సరుకు ఆ గళ్లలో పడుతుందా లేదా అన్నది చూశాకే ధర, పేరు, హంగుల సంగతి చూడాలి. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు.

పొందూరు గుడ్డ సంగతే చూడండి. అక్కడి సన్న ఖద్దరుకి కొండపత్తి వాడతారు. గింజ తీయడానికి ముందు దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడలోని సన్నని పళ్ల వరుస దువ్వెనలా పనిచేసి పోగుల్ని ఒకే దిక్కుకి సాపు చేస్తుంది, చెత్తని వదిలిస్తుంది. ఆ తర్వాత ఏకులు, రాట్నం, మగ్గం. ప్రతి దశలోనూ మనిషి చెయ్యే కొలబద్ద. నూలు వంద నంబరు అని రాసినా ఆ వంద ఒక సగటు మాత్రమే. వడికిన చేతిని బట్టి, ఆ ఏడు పత్తిని బట్టి దారం ఒకచోట సన్నంగా, ఒకచోట కాస్త లావుగా వస్తుంది. అందుకే ఫోటో తీసిన పంచె ఒకటి, పంపిన పంచె ఇంకొకటి అయితే కొన్నవారు గుర్తుపడతారు. నిజాయితీగా అమ్మాలంటే ఏ ముక్క ఫోటో పెట్టారో ఆ ముక్కే పంపాలి. పద్దుపుస్తకం భాషలో చెప్పాలంటే ప్రతి వస్తువుకీ స్టాకు గడిలో ఉండే అంకె ఒకటి. రెండు కాదు, ఇరవై కాదు.

ఈ ఒకటి అనే అంకె ఎంత ఇబ్బంది పెడుతుందో కంప్యూటర్ శాస్త్రం తెలిసినవారికి బాగా తెలుసు. విశాఖపట్నంలో ఒకరు, చెన్నైలో ఒకరు ఒకే పంచెని ఒకే నిమిషంలో చూస్తున్నారనుకుందాం. మొదటివారి కోసం సర్వరు స్టాకు చదువుతుంది: ఒకటి ఉంది. రెండోవారి కోసమూ చదువుతుంది: ఒకటి ఉంది. మొదటి ఆర్డరు రాసి స్టాకుని సున్నా చేస్తుంది. రెండో ఆర్డరు కూడా రాసి మళ్లీ సున్నా చేస్తుంది. పుస్తకంలో లెక్క సరిగ్గానే కనిపిస్తుంది, స్టాకు సున్నా. బీరువాలో మాత్రం పంచె ఒకటి, ఆర్డర్లు రెండు. చదవడానికీ రాయడానికీ మధ్య ఇంకొకరు దూరిపోవడమే దీనికి కారణం. ఆ రెండు పనుల్నీ విడదీయరాని ఒకే పనిగా, మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టకుండా చేయడమే విరుగుడు. డేటాబేస్‌లు దీన్ని దశాబ్దాల కిందటే నేర్చుకున్నాయి. అయినా యూపీఐ వచ్చాక చిక్కు ఇంకో చోటికి మారింది. కొనేవారు దుకాణం పేజీ వదిలి ఫోన్‌లో ఇంకో యాప్‌లోకి వెళ్లి, పిన్ కొట్టి, తిరిగి వస్తారు. డబ్బు అందిందన్న కబురు దుకాణానికి క్షణాల్లో రావచ్చు, నెట్‌వర్క్ బాగోకపోతే నిమిషాలు పట్టవచ్చు. ఆ వ్యవధిలో పంచెని ఎవరి పేరున పక్కన పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి? కొన్ని సాఫ్ట్‌వేర్‌లు వస్తువు బుట్టలో పడగానే ఆపుతాయి, కొన్ని డబ్బు కట్టే పేజీకి చేరాక, కొన్ని డబ్బు అందాకే స్టాకు తగ్గిస్తాయి. జీడిపప్పు డబ్బాలు రెండొందలు ఉన్న కొట్టుకి ఏ పద్ధతైనా ఒకటే. రెండొందలో డబ్బా దాకా తగాదా రాదు. పొందూరు దుకాణానికి అలా కాదు. అక్కడ ప్రతి అమ్మకమూ ఆఖరి ముక్క అమ్మకమే. పెద్ద కొట్టు ఏడాదికోసారి ఎదుర్కొనే చిక్కు ఈ చిన్న కొట్టుకి రోజూ ఎదురవుతుంది.

అదే పంచెని సొంత సైటులోనూ, ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లోనూ, ఊళ్లో అమ్మకాల గదిలోనూ పెట్టారంటే ఆ వ్యవధి మరీ సాగుతుంది. స్టాకు లెక్కలు పావుగంటకోసారి సరిచూసుకునే ఏర్పాటు ఉంటే ఆ పావుగంట పొడవునా ఒకే ముక్కని రెండుచోట్ల అమ్మే వీలు ఉన్నట్టే. కాబట్టి ఎన్ని చోట్లకి కలుపుతుందన్నది ప్లాట్‌ఫారం ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్నా, అడగాల్సింది ఎంత ఆలస్యంగా కలుపుతుందన్నది. ఈ జవాబు ప్రకటనలో దొరకదు. రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకుని ఒకే వస్తువుని ఒకేసారి కొనబోతే పది నిమిషాల్లో తేలిపోతుంది.

జనం ఉన్నది అమెజాన్‌లోనో ఫ్లిప్‌కార్ట్‌లోనో కదా, ఈ గొడవంతా ఎందుకు, అక్కడే పెట్టేస్తే పోలేదా అనేవారున్నారు. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. చేతివృత్తులవారి కోసం అమెజాన్ కారీగర్, ఫ్లిప్‌కార్ట్ సమర్థ్ అనే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. జీడిపప్పు వ్యాపారికి నేనైతే మొదట మార్కెట్‌ప్లేస్‌కే వెళ్లమంటాను. ఖద్దరు దగ్గర లెక్క మారుతుంది. మార్కెట్‌ప్లేస్‌లో వెతుకులాట ఫలితాల్లో పైకి రావాలంటే అమ్మకాల జోరు, కొన్నవారి అభిప్రాయాలు కావాలి. అవి వస్తువు పేజీకి అతుక్కుని పెరుగుతాయి. డబ్ల్యూ 320 అరకిలో పేజీ మూడేళ్లు అలాగే ఉండి వేల అభిప్రాయాలు పోగేసుకుంటుంది. ఒంటి పంచె పేజీ ఆ పంచె అమ్ముడైన రోజునే చచ్చిపోతుంది, దానితోపాటే అది సంపాదించిన మంచి మాట కూడా. నేసినవారికి, నూలు నంబరుకి, నేత కేంద్రానికి దక్కాల్సిన పేరు పోయిన ముక్కతో పోతుంది. సొంత సైటులో అయితే అభిప్రాయాల్ని ముక్కకి కాక రకానికి కట్టవచ్చు. ఇంకో సంగతి తుపాన్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతం మీద పడి ఉద్దానం జీడితోటల్ని కూల్చేసింది, కరెంటు స్తంభాల్ని పడగొట్టింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మార్కెట్‌ప్లేస్‌లు ఆలస్యంగా పంపిన ఆర్డర్లనీ రద్దైన ఆర్డర్లనీ లెక్కగట్టి అమ్మకందారు స్థానం నిర్ణయిస్తాయి. తుపాను కబురు వినగానే మొత్తం దుకాణాన్ని ఫోన్‌లోంచి ఒక్క నొక్కుతో ఆపగలగడం ఈ తీరంలో విలాసం కాదు.

ఖర్చు సంగతి చాలామంది అనుకున్నంత చిక్కుది కాదు. సొంత దుకాణానికి నెల అద్దె 2,000 రూపాయలు, మార్కెట్‌ప్లేస్ కోత నూటికి 10 అనుకుందాం. ఊహించుకున్న అంకెలే ఇవి. నెలకు 20,000 అమ్మకం దగ్గర రెండూ సమానం. అది దాటాక అద్దె దుకాణమే చవక. కాకపోతే సొంత దుకాణానికి జనాన్ని రప్పించే ప్రకటనల ఖర్చు ఈ లెక్కలో లేదు, అదీ కలిపితే గీత ఇంకా పైకి జరుగుతుంది. అసలు గాయం చాలాసార్లు ఎవరూ చూడని చోట తగులుతుంది. వీణ బరువు పది కిలోల చుట్టూ ఉంటుంది. దాన్ని పొడవు 130, వెడల్పు 40, ఎత్తు 40 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టామనుకోండి. కొరియర్లు మామూలుగా ఘనపరిమాణాన్ని 5,000తో భాగించి బరువు కడతారు. 2,08,000ని అలా భాగిస్తే 41.6 కిలోలు. చార్జీ పడేది దానికి, పదికి కాదు. చాలా దుకాణం సాఫ్ట్‌వేర్‌లలో తపాలా చార్జీ గడి బరువునే అడుగుతుంది. పెట్టె కొలతలు అడిగి ఈ భాగహారం చేయని చోట వీణ అమ్మినప్పుడల్లా లాభంలో పెద్ద ముక్క కొరియర్ ఆఫీసులో రాలిపోతుంది.

వీణకి ఇంకో ఇరకాటం ఉంది. గొల్లపల్లి పనివారు ఒకే దుంగని తొలిచి చేసే వీణలో పరిమాణం, శ్రుతి, చెక్కడం, కాయ మీద పని, పెట్టె ఇలా కొన్నవారు కోరుకునేవి చాలా. ఐదు ఎంపికలు, ఒక్కోదానికి నాలుగు రకాలు పెడితే 1,024 వేరియంట్లు తేలతాయి. షాపిఫై అనే దుకాణం సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వస్తువుకి మూడు ఎంపికలు, వంద వేరియంట్లు అనే హద్దు చాలా ఏళ్లు నడిచింది. చొక్కాలకి అది చాలినంత. జీడిపప్పుకీ చాలు: నాలుగు గ్రేడులు, నాలుగు ప్యాకెట్ సైజులు, పచ్చివి వేయించినవి ఉప్పు వేసినవి కలిపి 48. వీణకి వేరియంట్ల పట్టికే తప్పు దారి. దానికి కావాల్సింది ఆర్డరు ఫారం, అడ్వాన్సు తీసుకుని మిగతాది తర్వాత రాబట్టే పద్ధతి, ‘ఆర్డరు అందింది’, ‘పంపాం’ అన్న రెండు మెట్ల మధ్య ఇంకొన్ని మెట్లు. దుంగ తొలిచాక ఒక ఫోటో, మైనం మీద ఇరవైనాలుగు మెట్లు అమర్చాక ఒక ఫోటో పంపగలిగితే నెలల తరబడి ఎదురుచూసే మనిషి ఆర్డరు రద్దు చేయమని అడగడు.

వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్ ఉచితం కదా, గళ్లు మనమే గీసుకోవచ్చు కదా అన్నది ఇంకో వాదన. 2011లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ నిజంగానే ఉచితం, నిజంగానే వంచినట్టు వంగుతుంది. గళ్లు గీసుకునే చెయ్యి ఉన్నవారికి, వీణలాంటి మొండి సరుకు ఉన్నవారికి అదే సరైనదని నా అభిప్రాయం. కానీ ఉచితమన్నది కోడు మాత్రమే. సర్వరు అద్దె, భద్రతా సవరణలు, పాడైతే రాత్రిపూట చూసే మనిషి ఉచితం కాదు. మజెంటో అనే మరో దుకాణం సాఫ్ట్‌వేర్ చరిత్ర చూడండి. 2008లో వచ్చిన మొదటి తరం మజెంటోకి 2020 జూన్ 30తో మద్దతు ఆగిపోయింది. రెండో తరం 2015లోనే సిద్ధమైనా పాత అలంకరణలు, పాత ఎక్స్‌టెన్షన్లు దాంట్లో పనిచేయవు. మారదలచినవారు దుకాణాన్ని దాదాపు మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. షాపిఫై పుట్టుక దీనికి అవతలి కథ. దాని స్థాపకులు 2004లో కెనడాలో స్నోబోర్డులు, అంటే మంచు మీద జారే పలకలు, అమ్మే కొట్టు పెట్టబోయి, దొరికిన సాఫ్ట్‌వేర్ ఏదీ నచ్చక సొంతంగా రాసుకుని, 2006 నుంచి దాన్నే అద్దెకివ్వసాగారు. స్నోబోర్డులు సైజుల వారీగా వచ్చే సరుకు. ఆ గళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో వేరే చెప్పనక్కర్లేదు.

2021 డిసెంబరులో కంపెనీగా నమోదైన ఓఎన్‌డీసీ ఈ లెక్కలోకి కొత్త మలుపు తెచ్చింది. అది దుకాణం కాదు, దుకాణాలు మాట్లాడుకునే భాష. కొనేవారి యాప్ ఒకరిది, అమ్మేవారి యాప్ ఇంకొకరిది, మధ్యలో వెతకడం, ఎంచుకోవడం, ఖాయం చేయడం వంటి సందేశాలు ఒక ఒప్పుకున్న పద్ధతిలో నడుస్తాయి. సూత్రం బాగుంది, కానీ ఒంటి ముక్క సమస్యని అది తీర్చదు. సందేశాలు ఎక్కువ చేతులు మారేకొద్దీ వెతికినప్పటికీ ఖాయం చేసినప్పటికీ మధ్య వ్యవధి ఎదురు పెరుగుతుంది. పన్ను గడులు కూడా చూసుకోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి చిన్న వ్యాపారులు రాష్ట్రం లోపల మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముకోవడానికి జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. రాష్ట్రం దాటితే తప్పనిసరే. ఇచ్ఛాపురం కొట్టువాడికి చిత్తూరు సొంత ఇల్లు, పక్కనే ఉన్న బరంపురం పరాయి రాష్ట్రం. దానికి తోడు ఖాదీ అని పేరు పెట్టి అమ్మాలంటే 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ధ్రువీకరణ ఉండాలి. ఆ సంఖ్యని వస్తువు పేజీలో, బిల్లులో చూపించే గడి సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో కూడా ముందే చూసుకోవడం మంచిది.

ముందు ఏదో ఒకదాంతో మొదలెట్టి తర్వాత మారొచ్చులే అనేవారికి ఒక్క పరీక్ష చాలు. ఉచితంగా వాడిచూసే రోజుల్లో ఇరవై వస్తువులు ఎక్కించి, రెండు ఉత్తుత్తి ఆర్డర్లు పెట్టి, మొత్తం సమాచారాన్ని ఫైలుగా దింపుకోవాలి. ఫోటోలు వచ్చాయా, లంకెలు మాత్రమే వచ్చాయా? కొన్నవారి ఫోన్ నంబర్లు ఉన్నాయా? మార్కెట్‌ప్లేస్‌లో సాధారణంగా ఉండవు, అక్కడ కొన్నవారు మన ఖాతాదారులు కారు. పాస్‌వర్డులు సాధారణంగా కొత్త చోటికి పనికిరావు, పాత పేజీల చిరునామాలు కొత్తవాటికి మళ్లించకపోతే గూగుల్‌లో సంపాదించుకున్న చోటు పోతుంది, డొమైన్ పేరు సైటు కట్టిచ్చిన కుర్రాడి పేరున ఉంటే అదీ పోతుంది. ఇక దింపిన ఫైలుని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే ‘పొందూరు’ అన్నచోట అర్థంకాని గుర్తుల గుంపు కనిపించవచ్చు. కంగారుపడనక్కర్లేదు. ఫైలు యూటీఎఫ్-8 అని ఎక్సెల్‌కి చెప్పి దిగుమతి చేసుకుంటే అక్షరాలు తిరిగొస్తాయి. అప్పుడూ రాకపోతే తెలుగు ఆ ప్లాట్‌ఫారం లోపలే పాడైందని అర్థం.