హెచ్‌డీఆర్ వీడియోను ఎందుకు, ఎలా పంపుతారు?

మామూలు వీడియోను సుమారు 100 నిట్ల వెలుగుకు సరిపడేలా తయారుచేస్తారు. అందుకే కిటికీ పక్కన కూర్చున్న మనిషిని తీస్తే, ముఖం బాగా వచ్చినా వెనక ఆకాశం తెల్లగా పాలిపోతుంది. హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్)లో ముఖమూ, మబ్బులూ రెండూ కనిపిస్తాయి.

ఇందుకు కెమెరాకు తగిలించే రికార్డర్‌లో మూడు అమరికలు చూసుకోవాలి. మొదట, కెమెరా ఏ లాగ్ పద్ధతిలో (వెలుగునీడల వివరాలు పోకుండా కుదించే పద్ధతి) బొమ్మను పంపుతోందో రికార్డర్‌లో ఎంచుకోవాలి. తర్వాత 10 బిట్ల రికార్డింగ్ పెట్టాలి. 8 బిట్లలో ఒక్కో రంగుకు 256 మెట్లే. 10 బిట్లలో 1,024. మెట్లు తగ్గితే ఆకాశంలో చారలు తేలతాయి.

చివరగా, టీవీకి వెళ్లే సిగ్నల్‌ను పీక్యూ, హెచ్‌ఎల్‌జీ అనే రెండు హెచ్‌డీఆర్ పద్ధతుల్లో ఒకదానిలో పెట్టాలి. పీక్యూ 10,000 నిట్ల వరకు ఏ విలువకు ఎంత వెలుగో ఖాయం చేస్తుంది. బీబీసీ, ఎన్‌హెచ్‌కే రూపొందించిన హెచ్‌ఎల్‌జీ మామూలు టీవీల్లోనూ చూడదగ్గట్టు ఉంటుంది. అందుకే ప్రత్యక్ష ప్రసారాలకు అనువు. టీవీలోనూ అదే పద్ధతి ఉండాలి. లేకుంటే పీక్యూ బొమ్మ వెలిసిపోయినట్టుంటుంది.