ఒకే అబద్ధం, రెండు న్యాయాలు

గుంటూరు చుట్టుపక్కల, నల్లపాడు వైపు కూడా, ధర వచ్చేదాకా మిర్చి టిక్కీలను, అంటే బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అక్కడిచ్చే బాండు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకోవడం మామూలే. జాగ్రత్తగల బ్యాంకు బాండు చూసి ఊరుకోదు. మనిషిని లోపలికి పంపి టిక్కీలు లెక్కపెట్టిస్తుంది. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ విషయంలో జరగనిది సరిగ్గా ఇదే. బ్యాంకుల్లో డబ్బు నిజంగా ఉందా అని ఆడిటర్లు నేరుగా బ్యాంకులను అడిగి రాబట్టుకోవాలి. కానీ కంపెనీ వాళ్లు తెచ్చిచ్చిన కాగితాలనే ఆడిటర్లు నమ్మారు. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని తేలింది. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయలకు పడిపోయింది.

దేశానికో రకంగా ఉన్న ఆర్థిక నిబంధనల గురించి మాట్లాడేటప్పుడు లెక్కలు రాసే పద్ధతుల్లోని తేడాలనే ఎక్కువగా ఎత్తి చూపుతారు. అసలు తేడా అక్కడ లేదని నా వాదన. సత్యం 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో కూడా నమోదైన కంపెనీ. మన పద్ధతిలో ఒక లెక్క, అమెరికా పద్ధతిలో ఇంకో లెక్క చూపేది. అక్కడి ఎన్రాన్ కంపెనీ పతనం తర్వాత 2002లో అమెరికా తెచ్చిన కఠినమైన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టమూ దానికి వర్తించింది. లేని ఆదాయం చూపడానికి కంపెనీ సృష్టించిన దొంగ ఇన్‌వాయిస్‌లను రెండు పద్ధతులూ పట్టుకోలేదు. మోసం బయటపడ్డాక మాత్రం రెండు దేశాల దారులు వేరైపోయాయి. నష్టపోయినవాడికి ఏం దక్కిందన్న ప్రశ్న దగ్గరే అసలు తేడా కనిపిస్తుంది.

అమెరికాలో సత్యం షేర్లకు బదులుగా అమ్మిన డిపాజిటరీ రసీదులు కొన్నవాళ్లు ఉమ్మడి దావా వేశారు. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు, ఆడిట్ సంస్థ ప్రైస్ వాటర్‌హౌస్ పక్షం 2.55 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చాయి. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో అదే కంపెనీ షేరు కొన్నవాడికి అలాంటి దారి లేకపోయింది. 1956 నాటి కంపెనీల చట్టంలో ఇన్వెస్టర్లంతా కలిసి నష్టపరిహారం అడిగే వీలే ఉండేది కాదు. మూడు లక్షల మంది తరఫున ఒక ఇన్వెస్టర్ల సంఘం 2009లో జాతీయ వినియోగదారుల కమిషన్‌కూ, ఆపైన సుప్రీంకోర్టుకూ వెళ్లినా ఎక్కడా నిలవలేదు. పోనీ మనవాళ్లూ అమెరికా కోర్టుకే వెళ్లాల్సింది అంటారా? అమెరికా ఎక్స్ఛేంజీల్లోనో, ఆ దేశంలోనో కొన్న షేర్లకే తమ మోసాల చట్టం వర్తిస్తుందని అక్కడి సుప్రీంకోర్టు 2010 జూన్‌లో మోరిసన్ కేసులో తేల్చేసింది. ఇంతకన్నా బాధ కలిగించేది మరొకటుంది. అమెరికా వాటాదారులకు కంపెనీ చెల్లించిన ఆ సొమ్ము, రూపాయల్లో 500 కోట్ల పైచిలుకు, కంపెనీ ఖజానాలోంచే పోయింది. ఆ కంపెనీలో మిగిలిన మన వాటాదారులు కూడా మోసపోయినవాళ్లే. వాళ్ల సొత్తులోంచి తీసి పక్కవాడికి పరిహారం ఇచ్చినట్టయింది.

మన దగ్గర శిక్ష పడిందిగా, అది చాలదా అని కొందరంటారు. నిజమే, పడింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో సహా పదిమందికి ఏడేళ్ల జైలు వేసింది. నెల తిరగ్గానే పై కోర్టు ఆ శిక్ష అమలును నిలిపివేసి బెయిలిచ్చింది. ఆడిటర్ల సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలోని రెండు నియంత్రణ సంస్థలు కలిపి 2011లోనే ఇక్కడి ఆడిటర్ల మీద 75 లక్షల డాలర్ల జరిమానా వేశాయి. మన షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2018లో రెండేళ్ల నిషేధం విధిస్తే, ఆడిటర్లను నిషేధించే అధికారం నీకు లేదంటూ అప్పీలు ట్రిబ్యునల్ 2019లో కొట్టేసింది. అమెరికా పద్ధతిలో లాయర్ల ఫీజులకే పెద్ద వాటా పోతుందన్న ఆక్షేపణ ఉంది. దాన్ని నేను కాదనను. కానీ వాళ్లకు పోగా మిగిలింది నష్టపోయినవాడి చేతికి వచ్చింది. మన దగ్గర షేరు కొన్న రిటైర్డ్ ఉద్యోగి చేతికి అది కూడా రాలేదు.

సత్యం నేర్పిన పాఠంతోనే 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ చేర్చారు. ఉమ్మడి దావా వేసే హక్కు అలా కాగితం మీదికి వచ్చింది. అమలు 2016 జూన్‌లో మొదలైంది. డైరెక్టర్ల నుంచీ, ఆడిట్ సంస్థ నుంచీ కూడా పరిహారం అడగవచ్చు. అయితే దావాకు కనీసం వందమంది సభ్యులో, సభ్యుల్లో ఐదు శాతమో, ఏది తక్కువైతే అంతమంది కలవాలి. లేదా నమోదైన కంపెనీ మూలధనంలో రెండు శాతం చేతిలో ఉండాలి. కోట్ల పెట్టుబడి ఉన్న ఫండుకు ఇది చిన్న పని. నల్లపాడులో ఉంటూ డీమ్యాట్ ఖాతాలో యాభై షేర్లున్న మనిషి మాత్రం ముందు తనలాంటి మరో 99 మందిని వెతుక్కోవాలి. వాళ్ల పేర్లున్న రిజిస్టరు కోసం అడగాల్సింది, తాను ఎవరి మీద దావా వేయాలనుకుంటున్నాడో ఆ కంపెనీనే.