చిరునామా ఎక్కడ తెగింది?

హిందూపురంలో ఒకాయన పెనుకొండలో ఉన్న చెల్లెలికి ధర్మవరం పట్టుచీర పంపాలని నెట్‌లో ఆర్డరిచ్చాడనుకుందాం. దుకాణం సర్వర్‌కి చీర రంగు చేరింది, చిరునామా మాత్రం చేరలేదు! తప్పు నెట్‌ది కాదు, సర్వర్ చదివిన తీరుది.

సాకెట్ అంటే రెండు కంప్యూటర్ల మధ్య తెరిచిన ద్వారం లాంటిది. టీసీపీ పద్ధతిలో అందులోంచి వచ్చే బైట్లు వరస తప్పవు. అలాగని అన్నీ ఒకే విడతలో రావాలనీ లేదు. కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు 1024 బైట్లకు ఒక్కసారి 'రిసీవ్' అని రాసి ఊరుకుంటారు. ఒకే కంప్యూటర్ మీద పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది... చిక్కంతా అక్కడే!

ఖాళీ లైను వచ్చేదాకా చదువుతూనే ఉండాలి. అక్కడితో హెడర్లు అయిపోతాయి. వాటిలో 'కంటెంట్ లెంగ్త్' ఎంతుంటే ఆ తర్వాత అన్ని బైట్లు చదవాలి. బైట్లు, అక్షరాలు కాదు! 'పెనుకొండ' మన కంటికి నాలుగక్షరాలే. యూటీఎఫ్-8లో మాత్రం 24 బైట్లు. 24 అక్షరాలు రావాలనుకునే సర్వర్, రాని వాటికోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

కావాలనే కొంచెం కొంచెంగా పంపి సర్వర్‌ని అలా కూర్చోబెట్టే దాడీ ఉంది. 2009లో వచ్చిన 'స్లోలోరిస్' చేసింది అదే. అందుకే గడువు పెడతారు. అది దాటితే సర్వర్ 408 అని చెప్పి తలుపేస్తుంది. మరీ తక్కువ పెట్టారో, సిగ్నల్ సరిగా అందని ఊళ్లో కొనేవాళ్లకే దెబ్బ.