ఆకాశానికీ గేట్లుంటాయ్.. ఆత్రేయపురంలో డ్రోన్ ఎగరేసే ముందు ఇవి తెలుసుకోండి!

లొల్ల లాకుల దగ్గర డ్రోన్ షాట్.. సంక్రాంతి పడవ పోటీల ఏరియల్ వ్యూ.. ఆత్రేయపురం వెళ్లే వీడియోగ్రాఫర్ల ఫస్ట్ ఛాయిస్ ఇదే. మరి పైకి ఎంత ఎత్తు వెళ్లినా అడిగేవాళ్లు లేరా? ఉన్నారు. ఎందుకంటే ఆ ఆకాశాన్ని ప్రయాణికుల విమానాలు, సైన్యం కలిసి వాడుకుంటున్నాయి.

ఆంక్షలు మూడు రకాలు

కొన్నిచోట్ల విమానాలు ఎగరడమే నిషేధం. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్ పరిసరాలు ఇలాంటివే. కొన్నిచోట్ల షరతులతో వెళ్లొచ్చు. మూడోది డేంజర్ ఏరియా. క్షిపణి పరీక్షల సమయంలో బంగాళాఖాతంపై ప్రకటించేది ఇదే. ఏ ప్రాంతం, ఏ టైమ్, ఎంత ఎత్తు వరకు అన్నది 'నోటామ్' అనే నోటీసుతో పైలట్లకు ముందే చెబుతారు.

విశాఖలో ఎలా?

విశాఖ ఎయిర్‌పోర్టు నడిచేది నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగాలోనే. ఏటీసీ కూడా నేవీదే. నేవీ విమానాలు శిక్షణలో ఉండే గంటల్లో ప్రయాణికుల విమానాలకు స్లాట్లు దొరకడం కష్టం. భోగాపురంలో కొత్త ఎయిర్‌పోర్టు కట్టడానికి ఇదీ ఓ కారణం.

చుట్టూ తిరిగితే నష్టమే

సైన్యం కోసం పక్కనపెట్టిన ఆకాశాన్ని తప్పించుకుని వెళ్తే దూరం పెరుగుతుంది, ఇంధనం ఖర్చవుతుంది. దేశ గగనతలంలో 60 శాతమే స్వేచ్ఛగా అందుబాటులో ఉందని, ఆంక్షలు సడలిస్తే ఏటా దాదాపు రూ.1,000 కోట్లు మిగులుతాయని 2020 మేలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. అందుకే ఇప్పుడు కొన్ని దారులను షరతులతో తెరుస్తున్నారు. సైనిక విన్యాసాలు లేకపోతే విమానం నేరుగా వెళ్తుంది, ఉంటే చుట్టూ తిరుగుతుంది. అంటే గేటుకు శాశ్వతంగా తాళం వేయరు, టైమ్ ప్రకారం తీస్తారు, మూస్తారు.

మరి మన డ్రోన్ సంగతి?

డ్రోన్ రూల్స్-2021 ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు ఎగరేయడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. యెల్లో జోన్‌లో ఏటీసీ పర్మిషన్, రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి తప్పనిసరి. ఆత్రేయపురానికి దగ్గర్లోని రాజమండ్రి (మధురపూడి) ఎయిర్‌పోర్టు 12 కిలోమీటర్ల పరిధికి బయటే ఉంది. అలాగని ధీమా వద్దు. అవసరమైతే ఎస్పీ స్థాయి అధికారి ఏ ప్రాంతాన్నైనా 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించొచ్చు. రూల్స్ దాటితే రూ.లక్ష వరకు జరిమానా పడొచ్చు.

కాబట్టి నిన్న ఎగరేశాం కదా అని ఈరోజు ఎగరేయొద్దు. 'డిజిటల్ స్కై' మ్యాప్ చూసుకున్నాకే రిమోట్ పట్టుకోండి.