నల్లమల నడకకు మూట

శివరాత్రికి శ్రీశైలము కాలినడకను బోవ నిశ్చయించుకొని, విశాఖపట్టణమున పూర్ణా మార్కెట్టునకు బోయి అటుకులు, బెల్లము, వేయించిన సెనగలు కొంటిని. అంతటితో నాగక, అడవిలో నేమి దొరకునో యని ఊరగాయ జాడీని, రెండు ఇత్తడి గిన్నెలను గూడ మూట గట్టితిని.

నంద్యాల జిల్లా ఆత్మకూరు చెంతనున్న వెంకటాపురము నుండి నల్లమల నడుమ సాగు నీ దారి ప్రాచీనమైనది. నేడది పులుల యభయారణ్యము. శివరాత్రి దినములలో అటవీశాఖవారు యాత్రికులను నడువనిత్తురు. నాగలూటి వీరభద్రాలయము దాటి, ఆ రాత్రి పెద్దచెరువుకడ విశ్రమించితిమి. ఒకరి జొన్నరొట్టెయు, మా యటుకులును అందరివైనవి.

మరునాడు భీముని కొలను లోయకు దిగి, కైలాసద్వారమునకు రాతిమెట్లెక్కవలెను. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెనని ప్రసిద్ధి. ఎండ ముదిరినది. మా పొరుగింటి పిన్నిగారు దాహముచే సొమ్మసిల్లిరి. నా మూటలో ఊరగాయ గలదు గాని నీరు చుక్కయు లేదు. వెనుక వచ్చుచున్న సీమ రైతమ్మ యొకతె తన సీసానీరు పిన్నిగారిచే త్రాగించి, నా మూట వంక జూచి, “గిన్నెలకు చోటుండాది, నీళ్లకు లేదాయె గదమ్మా!” అనెను. సిగ్గుచే తల వంచుకొంటిని.

పిమ్మట పిన్నిగారిని ముందిడుకొని, ఆమె యడుగును బట్టియే యందరము నడచితిమి. కైలాసద్వారము చేరుసరికి ప్రొద్దు వాలినది, ఒక్కరును వెనుకబడలేదు.

సోదరీమణులారా! ఈ యాత్రకు బోవువారు మూటలో మొదట నీరుంచుకొని, మిగిలిన చోటనే తక్కినవి సర్దుకొందురు గాక!